సిస్టరమ్మ మూసిన దర్వాజ

ఏం అభిలాష్, టేపు పట్టుకొని గా గోడనే కొలుస్తున్నవేంది? మూసిన దర్వాజ మల్ల తెరుస్తరా? కార్లోల్లు పార్కింగ్ కెల్లి సీదా చర్చిలకు రావాల్నని కమిటీ అన్నదా? మంచిగుంది. జర కూసో బిడ్డా, చాయ్ చెప్పిన. గా దర్వాజ ఎవలు మూసిండ్రో ఎరికేనా నీకు? కుసుమకుమారి. దవాఖానల నర్సు, గుంటూరు దిక్కు మనిషి, అందరం సిస్టరమ్మ అంటుంటిమి. పోయి ఇరవై ఏండ్లాయె. మొగడు సచ్చిపోయినంక, ఉన్న గీ జాగ చర్చికిచ్చి తను కిరాయింట్ల ఉన్నది. గప్పుడు గడ్డిఅన్నారంల పండ్ల మార్కెట్ ఉండె గద. మామిడికాయల సీజన్ల గీ గల్లీ అంత ఈగలే, మా ఇంటిది చాయ్ గిలాస మీద రుమాలు కప్పి ఇస్తుండె. ఆఁ, ఏడున్న? దర్వాజ.

కట్టిన మేస్త్రీని నేనే. మాది నల్గొండ దిక్కు, చర్చి గిర్చి నాకేమెరుక? పెద్దలొచ్చి, "మట్టయ్యా, ముందర పెద్ద దర్వాజ, పక్కకు చిన్నదొకటి వెట్టు. మార్కెట్ల ఊడ్చేటోల్లు, గంపలు మోసేటోల్లు చెమట మీద ఒస్తరు, గట్ల పక్కకెల్లి ఒచ్చి ఎనుక కూసుంటరు" అన్నరు. వెట్టిన. అబద్ధమెందుకు, నాకు గది తప్పని సుత అనిపియ్యలే. దర్వాజ నిలవెట్టినంక చెయ్యి ఊకుంటదా? అలవాటు! రెండిటికీ పసుపు రాసి, బొట్లు వెట్టి, టెంకాయ కొట్టిన. ఇగ సూడు, ఒకటే లొల్లి. "ప్రభువు మందిరంల గిదేంది, కడుగు, కడుగు!" నేను పరేషాన్. కడుగుదామని బకెట్ పట్టిన. గప్పుడొచ్చింది సిస్టరమ్మ, డ్యూటీ కెల్లి సీదా. కోపమొస్తే గొంతు తగ్గిస్తదామె. "మట్టయ్యా, ఆ పసుపు జోలికి వెళ్లకు. నీకు తెలిసిన దణ్ణం నువ్వు పెట్టావు. తప్పంతా ఆ పక్క గుమ్మానిది. దాన్ని మూసెయ్" అన్నది. పెద్దలు ఊకుంటరా? "మూస్తే మేం రాం సిస్టర్" అన్నరు. "మానండి. ఇక్కడ గుమ్మం ఒకటే" అని కొంగు దోపి ఇటుక తనే ఎత్తింది. మార్కెట్ ఊడ్చే పెంటమ్మ ఉరికొచ్చి సిమెంటు మాలు కలిపింది.

ఎనిమిది ఇండ్లోల్లు పోయిండ్రు. చందాలు లేక స్లాబు ఆగింది. పాస్టరు సుత పోయిండు. ఆరేండ్లు రేకుల కిందనే. వానొస్తే మాట ఇనవడకపోతుండె, అయినా ఆమెనే నిలవడి వాక్యం చెప్పింది. ఆడిది చెప్పుడేందని గల్లీల నవ్విండ్రు. నవ్వనియ్! ఒక్క ఆదివారం ఆపలే. ఆమె పోయిన నాడు పెట్టెను ముందర దర్వాజ కెల్లే లోపలికి తెచ్చినం, ముందు పట్టుకున్నది పెంటమ్మ. మా అమ్మకు సుత నేను గంత ఏడ్వలే బిడ్డా.

గటు సూడు, కింద వరుసల మొదటి ఇటుక. వంకరున్నది గద? సిస్టరమ్మ వెట్టింది. మేస్త్రీని, నాకు కంట్ల నలుసు లెక్క కొడుతుండె. సరిజేస్తనంటే, "వద్దు మట్టయ్యా, పని రాని చేత్తో అయినా మూశానని తెలియనీ" అన్నది. గా ఇటుక మీద ప్లాస్టర్ వడనియ్యలే నేను, ఇయ్యాల్టి దాంక. కమిటోల్లకు చెప్పు పో. కార్లోల్లకు కాళ్లున్నయ్, ముందటికెల్లి నడిచొస్తరు. నేనున్నంత కాలం గీ గోడకు సుత్తె తగలది. నేను పోయినంక...

ఆ టేపు సుట్టు. చాయొచ్చింది.