చీలినా పక్కపక్కనే: ఆచార్య జులెయ్దె క్వారెస్మా గారి లిథియం సాధన

1989 ఆగస్టు 7వ తేదీ ఉదయం నియామక వార్త చెవిన పడిన మరుక్షణమే, సగం తిన్న వేడివేడి చీజ్ రొట్టె చేతిలో ఉండగానే, సావో పావ్లోలోని మా త్వరణయంత్ర ప్రయోగశాలకు పరుగున వచ్చి ఉద్యోగంలో చేరిన ఆచార్య జులెయ్దె క్వారెస్మా గారు నేడు పదవీ విరమణ చేస్తున్నారు.

దృఢంగా బంధితమైన పరమాణు కేంద్రకాలు ఢీకొనే తీరును తోటివారు పరిశీలిస్తున్న ఆ రోజుల్లో, క్వారెస్మా గారి మనసు మాత్రం బంధం సడలిన కేంద్రకాల మీద నిలిచింది. లిథియం కేంద్రకం బరువైన మరో కేంద్రకాన్ని సమీపించినప్పుడు, దానిలో కలిసిపోయేలోగానే ఆల్ఫా, డ్యూటెరాన్ అనే రెండు చిన్న కణాలుగా చీలిపోవచ్చు. ఆ చీలిక కలయికను ఎంత తగ్గిస్తుందన్నదే వారి జీవితకాల ప్రశ్న.

"ముట్టుకోకముందే అలిగి విడిపోతుంది. అచ్చం మా మరదలే, ప్రొఫెసొరా!" అనేవారు యంత్రచాలకులు ఒస్మార్ గారు.

"మీ మరదలు ఆదివారం భోజనానికి మళ్లీ వస్తుందిగా! ఇది రాదు" అనేవారు వీరు.

1994లో వారి తొలి స్వతంత్ర ప్రయోగానికి గండం వచ్చింది. ఒక బుధవారం సాయంత్రంలోగా, ఒకే కేంద్రకం నుంచి చీలిన జంట ఒక్కసారైనా రెండు డిటెక్టర్లకూ ఒకేసారి చిక్కకపోతే, యంత్రం వేరే బృందానికి వెళ్తుంది, లిథియం పరిశోధన అటకెక్కుతుంది. బరువైన కేంద్రకం రెండుగా పగిలి ముక్కలు వ్యతిరేక దిశల్లో ఎగిరే విచ్ఛిత్తి ప్రయోగాల అలవాటు కొద్దీ డిటెక్టర్లను చెరోవైపు దూరంగా అమర్చారు. ఆల్ఫాలు ఒకదానిలో, డ్యూటెరాన్లు మరొకదానిలో కనబడ్డాయే తప్ప, జంటగా ఒక్కటీ చిక్కలేదు. బుధవారమంటే మా క్యాంటీనులో నల్లచిక్కుళ్లూ, చెవులతో సహా పందిమాంసమూ కలిపి వండే ఫెయ్జోఆదా. అందరూ పళ్లేల ముందు కూర్చున్నాక వీరు చటుక్కున లేచారు.

"ఒస్మార్, గది తెరవండి! రెండు డిటెక్టర్లనూ పక్కపక్కన పెట్టాలి."

"తిననివ్వండి, తల్లీ! పంది చెవి చల్లారితే ఆ పాపం మీదే."

"ఇదేమైనా విచ్ఛిత్తా, చెరో దిక్కుకూ ఎగిరిపోవడానికి? మెల్లగా విడివడ్డవి పక్కపక్కనే నడుస్తాయయ్యా!"

గొణుగుతూనే లేచారు ఒస్మార్ గారు. సాయంకాలపు ఎండ కిటికీ దాటకముందే తెరమీద తొలి జంట మెరిసింది. వెంటనే మరొకటి, ఆపై మరొకటి! వీరు ఒస్మార్ గారిని పట్టుకుని గిరగిరా తిప్పేశారని, చల్లారిన పంది చెవి ఆనాడు అమృతంలా ఉందని ఆయనే నేటికీ చెబుతారు.

అలా నిలిచిన పరిశోధన బెరిలియానికీ బోరాన్‌కూ విస్తరించింది. 2003లో ఆచార్య పదవి వరించింది. వారి వద్ద శిక్షణ పొందినవారు నేడు ఎన్నో ప్రయోగశాలల్లో ఉన్నారు. వారిలో జనాయీన గారు ఇకపై ఇక్కడి బృందానికి సారథ్యం వహిస్తారు.

ఆచార్యుల వారు నిండు ఆరోగ్యంతో, తరగని కుతూహలంతో నూరేళ్లూ మా మధ్య నవ్వుతూ తిరగాలని మనసారా కోరుకుంటున్నాం. విశ్రాంతి మాత్రం కోరలేం. రేపు ఉదయం జనాయీన గారు బెరిలియం కణపుంజంతో కొత్త ప్రయోగాన్ని ప్రారంభిస్తున్నారు. మొక్కజొన్న కేకుతో అతిథిగా వస్తానని వీరు ఇప్పటికే ప్రకటించేశారు: "నన్ను ఒక్క సలహా అడిగారో, కేకు వెనక్కి పట్టుకుపోతా!"