మబ్బును లాక్కొచ్చిన నకలు హెలికాప్టరు

కుళ్ళాయప్ప చంకన డబ్బా పెట్టుకుని వస్తున్నాడంటే చాలు, రంజాన్ బీ రెండో పాలగిన్నె కూడా పొయ్యి మీదికి ఎక్కిస్తుంది. ఆయన నోరు తెరిచిన పూట ఆ టీ అంగట్లో ఎవరూ ఒక్క గ్లాసుతో లేవరు. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్లు వీధి వీధికీ ఉన్నారు గానీ, చీర కంటే పొడుగ్గా మాట నేయగలిగినవాడు ఆయనొక్కడే. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అందుకు కాస్త గర్వం కూడా ఉంది.

ఆ ఆషాఢం పొద్దున ఆయన డబ్బాలో ఉన్నది హెలికాప్టరు. రిమోటుతో ఎగిరేది. అసలు కంపెనీది కాదు, దాన్ని చూసి అచ్చం అలాగే చేసి చవగ్గా అమ్మే నకలు. కొని మూడు నెలలైంది. నలభై ఆరేళ్ల మనిషి ఆటబొమ్మ కొనుక్కున్నాడని వీధంతా నవ్వింది. భార్య సునంద నవ్వనైనా నవ్వకుండా ఊరుకుంది, అది ఆయనకు ఇంకా ఎక్కువ మండింది. వెనకాల తనను ‘దండగ కుళ్ళాయప్ప’ అంటున్నారని కూడా ఆయన చెవిన పడింది.

అందుకే ఈ పొద్దు ఆయనకు అంత ముఖ్యం. మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే నూర్ అహమ్మద్ కూడా హెలికాప్టరు కొందామని కూర్చున్నాడు. ఫోనులో రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టుకున్నాడు, ఒకటి అసలుది, ఒకటి నకలు. కొత్తగా నేర్చుకునేవాడికి ఏది మేలో చెప్పమని ఏరికోరి కుళ్ళాయప్పనే అడిగాడు. నూర్ నకలు కొన్నాడా, ఊళ్లో ఇద్దరవుతారు, దండగ అనే నోళ్లు మూతపడతాయి. కొనలేదా, నలుగురి ముందూ ఆ పేరు ఖాయమైపోతుంది.

కుళ్ళాయప్ప హెలికాప్టరును బెంచీ మీద నిలబెట్టాడు. దాని కాళ్లకు ఒక పట్టుదారం కట్టి ఉంది. దారం రెండో కొస ఆయన చొక్కా జేబులోకి పోయింది. ఆ జేబులో, నేసేటప్పుడు నాడెలో పెట్టుకునే కండె ఒకటి, దారంతో నిండుగా ఉబ్బి కనిపిస్తోంది.

"ఆ దారం ఏమిటికి కుళ్ళాయన్నా?" అన్నాడు నూర్.

"చెప్తా. అన్నీ వరసగా చెప్తా. రంజానక్కా, టీ రవ్వంత చిక్కగా పెట్టు."

రంజాన్ బీ ఇంకో గుప్పెడు టీపొడి వేసింది. గోడవారగా కళ్లు మూసుకుని కూర్చున్న శ్రీరంగప్ప కళ్లు తెరవలేదు. ఆయన అరవై ఏళ్లుగా మగ్గాలకు పడుగులు, అంటే చీర నిలువు దారాలు, తోడుతున్న పెద్దాయన. వీధిలో సగం మంది ఆయన్ను మామా అనే పిలుస్తారు. కుళ్ళాయప్ప చేనూ ఆయన చేనూ గట్టుకు అటొకటి ఇటొకటి, ఇద్దరి పెరళ్లకూ మధ్య ఒకటే గోడ.

"చూడు నూర్ బాయ్. అసలుది కొంటివనుకో, డబ్బా తెరిచినప్పట్నించీ నీకు భయం పట్టుకుంటాది. తుడుచుకుంటా కూచుంటావు, ఎగరెయ్యవు. నకలైతే ఎగరేస్తావు. నేను మొదటి దినమే ఎగరేసినా. ఎంత ఎత్తు? ఏం లేదు, ఈ బెంచీ అంత. లేపినా, నిలబెట్టినా, దించినా. టీ గ్లాసు పెట్టినట్ల పెట్టినా, చప్పుడే లేదు."

"మొదటి దినమేనా?" అంది రంజాన్ బీ.

"మొదటి దినమే అక్కా. ఒక్క మాట మాత్రం దాచను, డబ్బాలో వచ్చేటప్పుడు మరలు వదులుగా ఉంటాయి. ఒక్కొక్కటీ విప్పి, జిగురు చుక్క పెట్టి మళ్లీ బిగించల్ల. మగ్గం బిగించుకునేటోనికి అదొక పనా? బిగించినా. రెండో దినం కొత్తచెరువుకు పోయినా. ఆడ మా బామ్మర్ది బోరు కింద శెనక్కాయ ఏసినాడు. నెమిళ్లు చూడు, ఒకటి కాదు రెండు కాదు, నలభై! చేన్లో దిగి కాయలు తవ్వుకుని తింటాండాయి. మా బామ్మర్ది డబ్బా కొట్టె, టపాసులు కాల్చె, ఏం లాభం లే. నేను దీన్ని లేపినా. లేపితే ఏమైందో తెల్సునా? నలభై నెమిళ్లూ తలలెత్తి చూసి, ఇదేందో మా పెద్దది వచ్చిందనుకొని, వరసలో నిలబడె! వరసలో! ఇది ముందర, అవి ఎనక. అట్లనే నడిపించుకుంటా పుట్టపర్తి రోడ్డు దాటించి, గుట్టెక్కించి వచ్చినా. రెండు దిక్కులా బస్సులు నిలిచిపాయ. ఒక కండక్టరు దిగి దండం పెట్టె."

"అన్నా, రిమోటు అంత దూరం అందతాదా?" నూర్ ఫోనులోంచి తలెత్తాడు. "ఈడ వంద గజాలని రాసిండారే."

"అది యాడ రాసిండారు? అసలుదానికి! కంపెనీవాళ్లు ఇంత దూరమే పోతాదని కాగితంలో రాసి దానికి హద్దు పెట్టినారు, పాపం అది ఆడికే పోతాది. నకలుకు కాగితమే రాలేదు నాయనా. ఇంక హద్దు యాడిది?"

బెంచీ మీదివాళ్లు గొల్లుమన్నారు. కుళ్ళాయప్ప ఓరకంట నూర్ వేలి వైపు చూశాడు. వేలు ఇంకా ఏ బొమ్మ మీదా ఆగలేదు. ఇంకొంచెం పైకి లాగాలనుకున్నాడు.

"నెమిళ్లదేముందిలే, అవి నోరులేని జీవాలు. కొండ మీద కరెంటు తీసే గాలిమర సంగతి విను. మన ఆషాఢం గాలి నీకు తెల్సు, ఆరేసిన పంచె పక్కూర్లో దొరుకుతాది. అసలు హెలికాప్టరు ఉన్నోడు ఈ గాలిలో బయటికి తీస్తాడా? తీయడు. నేను కొండకాడికే తీసకపోయినా. ఇది పోయి పోయి గాలిమరకు ఎదురుగా నిలబడె. అది తాటిచెట్టంత, ఇది మూరెడు. అది ఒక చుట్టు తిరిగె, ఇది వెయ్యి చుట్లు తిరిగె. పంతమప్పా, పంతం! నేను రిమోటు పట్టుకోని తగ్గించినా గూడా తగ్గలేదు. ఆ తర్వాత ఏమైందో తెల్సునా? గాలిమర నిలబడిపాయ. నిలబడి, రవ్వంత సేపు ఆలోచన చేసి, వెనక్కి తిరగబట్టె! దాంతో ఈడ ధర్మవరంలో కరెంటు మీటర్లన్నీ వెనక్కి తిరిగినాయి."

"నా మీటరు తిరగలేదే?" రంజాన్ బీ టీ వడపోస్తూనే అంది.

"నీకు ఆ పొద్దు కరెంటు పోయింటాది అక్కా."

ఈసారి రంజాన్ బీ కూడా నవ్వింది. నూర్ తొడ చరుచుకుని నవ్వాడు. అక్కడితో ఆపి ఉంటే కుళ్ళాయప్ప గౌరవంగా ఇంటికి పోయేవాడే. కానీ నవ్వు వేరు, నమ్మకం వేరు. నూర్ నవ్వుతున్నాడే తప్ప బటన్ నొక్కడం లేదు. దానికి తోడు కుళ్ళాయప్పకు తన మాట తనకే తియ్యగా తగులుతోంది. అలాంటప్పుడు ఆయన్ను ఆపడం సునంద వల్ల కూడా కాదు.

"దారం ఏమిటికని అడిగితివి కదా. ఎత్తు కొలిచేదానికి. పోయిన శనివారం కొండ మీద దీన్ని నిలువుగా ఇడిసినా. కండె తిరగతాండాది, తిరగతాండాది, అయిపాయ. ఇంకో కండె ముడేసినా, అదీ అయిపాయ. ఆఖరికి ఇంట్లోంచి పడుగే తెచ్చినా, మూడు చీరల పడుగు! అదీ పైకే పాయ. పైన చూస్తే ఒక మబ్బు పోతాండాది. నల్లగా, చూలింత మాదిరి. మన మబ్బు కాదు, మనకు మబ్బు యాడిది? ఏటేటా కర్ణాటక దిక్కు నుంచి వచ్చి, మన నెత్తి మీద దాటుకోని పోతాంటాదే, ఆ మబ్బు. హెలికాప్టరు దాని చుట్టూ మూడుసార్లు తిరిగె. దారం మూడు చుట్లు పడె. నేను కాళ్లు ఆనించి లాగినా. చేతులు కోసుకపాయ, ఇడవలే. లాక్కోనొచ్చి మా చేను మీద గుంజకు కట్టి, తడిబట్ట పిండినట్ల పిండినా. వానప్పా! నా మడి వరకే వాన. మడి మోకాలు లోతు, గట్టు తడవలే!"

ఎవరూ నవ్వలేదు.

కుళ్ళాయప్ప చుట్టూ చూశాడు. టీ గ్లాసులు చేతుల్లోనే ఆగి ఉన్నాయి. బెంచీ మీద కూర్చున్నవాళ్లలో సగం మందికి చేలు ఉన్నాయి. జూన్‌లో దుక్కి చేసుకుని ఇప్పటిదాకా ఆకాశం వంక చూస్తున్నవాళ్లు వాళ్లు. వాన మాట వినగానే వాళ్ల మొహాల్లో ఏదో ఆరిపోయింది. తను ఏం చేశాడో కుళ్ళాయప్పకు అప్పుడే సగం అర్థమైంది.

శ్రీరంగప్ప కళ్లు తెరిచాడు.

"పోయిన శనివారమా?"

"అవు మామా."

"నీ మడి నిండిందా? గట్టుకు ఇవతల నా చేను ఉండాది. శనివారం పొద్దంతా నేను ఆడనే ఉంటి."

కుళ్ళాయప్ప జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అదే మామా, గట్టు కాడ నిలిచిపాయ."

"ఆ కండె ఇట్ల ఇయ్యి."

పెద్దాయన చెయ్యి చాపితే ఇవ్వకుండా ఉండడం కుదరదు. కుళ్ళాయప్ప జేబులోంచి కండె తీసి ఇచ్చాడు. శ్రీరంగప్ప అద్దాలు పెట్టుకుని, హెలికాప్టరు కాలి దగ్గర దారం పట్టుకుని, రెండు వేళ్ల మధ్య నుంచి మెల్లగా జరుపుకుంటూ వచ్చాడు. కండె అంచున వేళ్లు ఆగాయి. వెనక్కి పోయి, ఆ దారాన్ని మోచేతికి ఆనించి కొలిచాడు.

"రంజానమ్మా, ఇది చూడు. కాలి కాడ నుంచి ఈడికి దారమంతా ఎర్రమన్ను పట్టి, నూగు లేచి ఉండాది. ఈడ ముడేసినాడు. ముడికి అవతల పట్టు నిగనిగలాడతాండాది. చుట్టింది చుట్టినట్లే ఉండాది, ఒక్క చుట్టు గూడా ఇప్పలే." కండెను వెలుగుకు ఎత్తి అందరికీ చూపించాడు. "మన్ను పట్టిన దారం మూరన్నర. ఏమప్పా కుళ్ళాయప్పా, ఆ మబ్బు మూరన్నర ఎత్తులో పోతాండెనా?"

ఆ నవ్వుకు రేకుల కప్పు అదిరింది. రంజాన్ బీ చేతిలో గరిటె జారి పాలగిన్నెలో పడింది. నూర్ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. అది చూసి కుళ్ళాయప్పకు గుండె చెరువైంది. ఇంక దండగ కుళ్ళాయప్పేనని అనుకున్నాడు.

శ్రీరంగప్ప ఒక్కడే నవ్వలేదు.

"నెమిళ్లను నడిపించుకో, గాలిమరను తిప్పుకో. నేను నోరెత్తినానా? నా ఇంట్లో ఇత్తనాలు మూట కట్టినవి కట్టినట్లే ఉండాయి. వాన మాట మటుకు ఎత్తొద్దప్పా. తట్టుకోలేను."

"తప్పే మామా," అన్నాడు కుళ్ళాయప్ప. ఆయన నోట అంత చిన్న మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు. తలెత్తకుండానే హెలికాప్టరును డబ్బాలో పెట్టబోయాడు.

"ఉండన్నా," అన్నాడు నూర్. "కోతలు అయిపోయినాయి కదా. ఇప్పుడు నిజం చెప్పు. ఎన్నిసార్లు పడింది?"

కుళ్ళాయప్ప హెలికాప్టరు తోకను వేలితో తడిమాడు.

"ముప్పై ఒకటి. లెక్కపెట్టినా. రెక్కలు తొమ్మిది జతలు ఇరిగె. తోక రెండుసార్లు వంగె. ఇరిగిన ప్రతిసారీ చవగ్గా ఇంకోటి తెప్పించి, నేనే ఇప్పి, నేనే బిగించినా. అసలుదైతే రెండోసారి పడంగానే పెట్టెలో పెట్టి బీగం ఏసుంటినప్పా, అంత పెట్టి కొన్నది మళ్లీ ఎగరేసే ధైర్యం నాకు లేదు. ఇదైతే పడనిచ్చె. ముప్పై రెండోసారి..." అని హెలికాప్టరును రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "తెల్లార్న, గాలి లేవకముందు, పెరట్లో. మూరన్నర ఎత్తులో నిలబడె. నాలుగు నిమిషాలు. ఎగిరిపోకుండా కట్టుకున్న దారాన్ని గుంజలే, నేలకు తగల్లే. దాన్ని నేను నిలబెట్టినా నూర్ బాయ్. ఈ చేతుల్తో."

ఇన్నేళ్లుగా కోసిన కోతలన్నీ ఇప్పుడు ఆయనకు అడ్డం వచ్చాయి. రంజాన్ బీ పాలలోంచి గరిటె తీస్తూ, "ఇది గూడా కోతేనేమో," అంది. ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. చెప్పిన మాటల్లో ఒకే ఒక్క నిజం, దాన్ని ఎవరూ నమ్మకపోతే ఎలా ఉంటుందో కుళ్ళాయప్పకు మొదటిసారి తెలిసింది. ఏడుపు వచ్చినంత పనైంది.

"కోత కాదు," అన్నాడు శ్రీరంగప్ప.

అందరూ ఆయన వైపు తిరిగారు.

"నేను చూసినా. గోడ ఇవతల పండ్లు తోముకుంటా చూసినా. పిలవలే, పిలిస్తే చెయ్యి కదులుతాదని. కదలకుండా నిలబెట్టినాడు. పడుగు తోడేటప్పుడు నా చేతులు గూడా అంత నిలకడగా ఉండవు ఇప్పుడు." గ్లాసులో మిగిలిన టీ తాగేశాడు. "ఆ మబ్బు మాటకు వచ్చిన కోపం కడుపులో పెట్టుకోని ఇది చెప్పకుండా ఉంటే నాది తప్పు."

నూర్ జేబులోంచి ఫోను తీశాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. నకలు బొమ్మ మీద వేలు నొక్కి, ఫోను తిప్పి కుళ్ళాయప్పకు చూపించాడు. కుళ్ళాయప్ప ఛాతీ బెంచీ మీదివాళ్లందరికీ కనిపించేలా పొంగింది.

"అన్నా, ఆ కండెలోంచి నాకూ మూరన్నర దారం ఇయ్యి," అన్నాడు నూర్.

కండె ఇంకా శ్రీరంగప్ప చేతిలోనే ఉంది. ఆయన నిగనిగలాడే దారాన్ని మోచేతికి ఆనించి, కొలిచి, పంటితో పుటుక్కున తెంపి నూర్ అరచేతిలో పెట్టాడు. నూర్ దాన్ని ఎత్తి చూసుకున్నాడు.

"మామా, ఇది మూరే ఉండాదే?"

"మూరన్నర కుళ్ళాయప్పది," అన్నాడు శ్రీరంగప్ప. "నువ్వు ఇంకా కొత్తోనివి."