పెళ్ళినాటి ఫిల్ములో టోపీ

దక్షిణాఫ్రికాలోని మామెలోడి అనే ఊళ్ళో, జాజ్ అభిమానుల సంఘం హాల్లో లెసిబా మీద తీసిన డాక్యుమెంటరీ అయిపోయింది. ఇస్త్రీ సూట్లూ టోపీలూ వేసుకొచ్చిన సభ్యులంతా బయట మాటల్లో పడ్డారు. లెసిబా భార్య మాత్రం కుర్చీలోంచి లేవలేదు. మొగుడిలాగే శాక్సఫోన్ వాయించే మోహాలె చేత పెళ్ళినాటి ముక్కని మళ్ళీ మళ్ళీ వేయించుకుంటోంది.

“ఆ ఫిల్ముకి శబ్దం లేదు వదినా. రికార్డు పాట తెచ్చి అతికించారు.”

“ఆ మాత్రం తెలీదా నాకు? ఆ రోజు వాయించింది నాకోసం కట్టిన పాట. మళ్ళీ వాయించనే లేదు. వారం తిరక్కుండా దేశం దాటాడు, అక్కడే పోయాడు. నాకు మొదలొక్కటే గుర్తుంది. నువ్వు వేళ్ళు చూసి చెప్పగలవుగా.”

“ఎడమచెయ్యే కనిపిస్తోంది. కుడిచెయ్యి కూడా కనిపిస్తేగాని పాట తేలదు.”

“ఇంకోసారి వెయ్యి.”

“ఎన్నిసార్లేసినా అంతే. ముందు ఎవడో నిలబడి ఊగుతున్నాడు. వాడి టోపీ అడ్డం.”

“పక్కకి జరుగుతాడేమో చూడు.”

“జరగడు.”

“నీకెలా తెలుసు?”

“ఆ టోపీ నాదే వదినా. పాట అంత బాగుంటే నేను ఉన్నచోటునించి కదలను.”

“అయితే విన్నావుగా. గుర్తు తెచ్చుకో.”

“ఇన్నేళ్ళుగా అదే పని. రావట్లేదు.”

ఆమె కుర్చీలో ముందుకి వంగింది.

“టోపీ తియ్యరా. ఒక్కసారి తియ్యరా.”

మోహాలె తలమీది టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె అతనివైపు చూడలేదు. తెరనే బతిమాలుతోంది.