మూడో క్షణం

లండన్‌లోని రికార్డింగు స్టూడియోలో టీ విరామం. వాద్యబృందంలో ఓబో అనే సన్నాయిలాంటి వాద్యం ఊదే ఆవిడకి కొలువులో ఇదే ఆఖరి రోజు. టీ కప్పు పట్టుకుని వచ్చి స్వరకర్త పక్కన కూర్చుంది.

"మాస్టారూ, ఇవాళైనా నిజం చెప్పండి. నేను ఊదేచోట మధ్యలో ఎప్పుడూ రెండు క్షణాలు ఖాళీ రాస్తారెందుకు?"

"తెర మీది బొమ్మకి కావాలి మరి."

"సరే, సినిమాకి బొమ్మ ఉంది. కచేరీలకి రాసినవాటిలో బొమ్మేదీ? అక్కడా అదే ఖాళీ!"

"టీ తాగు, చల్లారిపోతుంది."

"నా ఆయాసం సంగతి మీకు ముందే తెలుసు. బయటికి పొక్కితే నా కుర్చీ పోయేది. ఎవరికీ చెప్పకుండా, నేను ఊపిరి పీల్చుకోడానికి చోటు రాశారు. పదహారేళ్లు నా నోటికాడ కూడు పోకుండా చూశారు మాస్టారూ."

"చాల్లే. పత్రికలవాళ్లు నన్ను దేనికి మెచ్చుకుంటారు?"

"మీ సంగీతంలో మౌనాలకి."

"అవి నావి కావు, నీ ఊపిరి. ఆ పొగడ్తలన్నీ ఇన్నేళ్లూ నోరు మూసుకుని పుచ్చుకున్నాను."

ఆవిడ నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గాక ఒళ్లోని స్వరాల కాగితం చూపించింది.

"మరి ఇవాళ మూడు క్షణాలు రాశారేం?"

"మూడోది నాకు. నిన్ను పంపించాలంటే నాకూ ఊపిరి కావాలిగా."