బల్ల కింద కాలు

తెర మీద పేర్లు పడుతున్నాయి. ఒకప్పుడు టీవీలో మొగుడూ పెళ్లాలుగా ఇంటింటినీ నవ్వించి, నిజం కాపురంలో మాత్రం ఏనాడో విడిపోయిన ఆ ఇద్దరూ, తమ మీద తీసిన సినిమాను పక్కపక్క సీట్లలో కూర్చుని చూశారు. ముందు ఆవిడే నోరు విప్పింది.

"మీ వేషం వేసిన అబ్బాయికి జుట్టు ఎక్కువైంది."

"నీ వేషం వేసిన అమ్మాయికి నోరు తక్కువైంది."

"భోజనాల బల్ల సీను పాడుచేసింది. స్టూడియోలో జనం నవ్వుతుండగానే మాట అనేసింది, ఎవరికి వినపడుతుంది?"

"పాపం, దానికెవరు చెప్తారు?"

"నాకు మీరు చెప్పేవారుగా. నవ్వు తగ్గగానే బల్ల కింద నా కాలు తొక్కేవారు, అప్పుడు అనేదాన్ని. ఆ సంగతి వీళ్లకి చెప్పలేదా?"

"లేదు. అదొక్కటైనా మన దగ్గరే ఉండనీ అనుకున్నా."

ఆవిడ చీర కొంగు సర్దుకుంది.

"మరి చివర్లో మనల్ని కలిపేశారేం? అలా జరగలేదుగా."

"ఎలా ముగించమంటారని దర్శకుడు అడిగాడు. నేనే కలపమన్నా."

ఆవిడ ఆయన వైపు తిరిగింది. దీపాలు వెలిగాయి, హాలంతా చప్పట్లు. అవి సద్దుమణిగే దాకా ఆగి, ముందు సీటు కింద ఆవిడ కాలు మెల్లగా తొక్కాడాయన.