దువార్తె రాజయిన దీవి

ఆదివారం పూజ ముగిసిందంటే మా విలా దో కోందె రేవులో సగం ఊరు కతరీనమ్మ సారాకొట్టు అరుగు మీద తేలుతుంది. అరుగు మీద చోటు దొరకని వాళ్లు కింద తాళ్లచుట్టల మీద కూచుంటారు. ఎందుకంటే సరిగ్గా పూజ అయిన అరగంటకి, రెండో గ్లాసు ఖాళీ అయ్యేసరికి, తెరచాపలు కుట్టే బస్తియావ్ నోరు విప్పుతాడు.

ఆ రోజు పాద్రీగారు కూడా వచ్చారు. కాల్చిన కవళ్ల చేపలంటే ఆయనకి ప్రాణం. పీపాలు చేసే మెందో గుమ్మానికి ఆనుకుని ఆయన్నే గుర్రుగా చూస్తున్నాడు. సంగతి ఊరందరికీ తెలిసిందే. మెందో బ్రియోలాంజని చేసుకుంటానంటాడు, ఆవిడా సరేనంది, పాద్రీగారే కుదరదంటారు. బ్రియోలాంజ మొగుడు దువార్తె మిరియాల ఓడెక్కి హిందూదేశం పోయి తిరిగి రాలేదు. పోయాడని కళ్లారా చూసిన మనిషి ప్రమాణం చేసి చెబితే తప్ప ఆవిడ విధవ అయినట్టు కాదు, విధవ కాని మనిషికి మళ్లీ పెళ్లి లేదు. ఆ ఓడలో వెళ్లిన మా ఊరివాళ్లలో తిరిగొచ్చింది బస్తియావ్ ఒక్కడే. అది నాలుగేళ్ల కిందటి మాట. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం బ్రియోలాంజ వచ్చి మెట్ల చివర కూచుంటుంది, కథ అయ్యేదాకా వింటుంది, ఒక్క మాట మాట్లాడకుండా లేచి వెళ్లిపోతుంది.

"అందులో నా గొప్పేం లేదయ్యా," అని మొదలెట్టాడు బస్తియావ్, ఎప్పట్లాగే. "ఆఫ్రికా కొస దగ్గర తుపాను పట్టుకుంది, పెద్ద చాప చిరిగింది, నేను కుట్టాను. కుట్టడం నా పని. మెందో పీపా చేస్తే మనం చప్పట్లు కొడతామా? కొట్టం. ఇదీ అంతే. కాకపోతే చాప కిందికి దించే వీలు లేదు కాబట్టి తెరచాప కొయ్య ఎక్కి, కొస మీద కాళ్లు పెనవేసుకుని, తలకిందులుగా వేలాడుతూ కుట్టాను."

"తలకిందులుగానా?" అన్నాడు వలలల్లే బెర్నాల్ తాత.

"ఓడే తలకిందులైతే నేను నిటారుగా ఎలా ఉంటాను తాతా? ఆ గాలి మామూలుదా? కప్తాను గడ్డం ముందు పోయింది, కప్తాను తర్వాత పోయాడు. సూది బెజ్జంలోంచి గాలి దూరి ఈలేస్తుంటే ఓడలో కోళ్లన్నీ తెల్లారిందనుకుని కూశాయి. మూడు రోజులు కుట్టాను. దారం అయిపోయింది. కింద చుక్కాని దగ్గర మా దువార్తె ఉన్నాడుగా, 'ఒరే దువార్తె, దారం పంపరా' అని అరిచాను. వాడేం పంపాడో తెలుసా? లంగరు తాడు!"

"నీ సూదిలో లంగరు తాడు ఎక్కిందా?" అంది కతరీనమ్మ, గ్లాసు నింపుతూ.

"తడిపి, కొస నోట్లో పెట్టి పళ్లతో నలిపితే ఎక్కదా అమ్మా? ఎక్కింది. సరే, చాప కుట్టేశాను, దిగుదామనుకున్నాను. అప్పుడొచ్చింది తిమింగలం. ఎంత ఉంటుందంటే, తల మా ఓడ పక్కకొచ్చింది ఉదయం, తోక వచ్చింది మధ్యాహ్నం భోజనాలయ్యాక. పోతూ పోతూ తోకతో ఒక్క దెబ్బ కొట్టింది. ఆ దెబ్బకి ఏమైందనుకున్నారు?"

"ఓడ పగిలింది," అన్నారెవరో కింద నుంచి.

"ఓడ పగిలితే చెప్పుకునేదేముంది, రోజూ పగులుతాయి. సముద్రం చిరిగింది!"

పాద్రీగారు చేప ముల్లు నోట్లోంచి తీసి పక్కన పెట్టారు. "సముద్రం ఎలా చిరుగుతుంది బస్తియావ్?"

"పర్రుమని చిరిగింది పాద్రీగారూ, పాత దుప్పటి చిరిగినట్టు. నేను పైన కొయ్య మీద ఉన్నాను కదా, ఆ చిరుగులోంచి అడుగుదాకా కనిపించింది. అడుగున పొడి ఇసక. దాని మీద చేపలు ఎటు పోవాలో తెలీక జాతరలో తప్పిపోయిన పిల్లల్లా నిలబడి ఉన్నాయి. ఓడ ముక్కు ఆ చిరుగులోకి వంగుతోంది. నూట ఇరవై మందిమి. ఒక్కొక్కడూ తనకిష్టమైన పునీతుణ్ణి పిలుస్తున్నాడు. నాకు పిలిచే తీరిక ఎక్కడిది? 'దువార్తె, ఆ అంచు లాగి పట్టుకో' అన్నాను. వాడు చుక్కాని వదిలేసి నీళ్ల అంచు రెండు చేతులా పట్టుకున్నాడు. ఈ అంచు నేను మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాను. వేశాను చూడండి కుట్టు! రెండు మైళ్ల కుట్టు. చివర ముడి కూడా వేశాను. ఇప్పటికీ ఆ దారిన పోయే ఓడలు అక్కడికి రాగానే ఒక్క కుదుపు కుదుపుతాయి, బండి గతుకులో పడ్డట్టు. కావాలంటే ఏ సరంగునైనా అడగండి."

"మొజాంబిక్ దాకా వెళ్లి అడగాలి మరి," అన్నాడు మెందో. అరుగంతా నవ్వింది.

బస్తియావ్ నవ్వులు తగ్గేదాకా ఆగి గొంతు తడుపుకున్నాడు. "నవ్వండి నవ్వండి. ఆ కుట్టు ఒడ్డు నుంచి ఒక రాజు చూశాడు. పెద్ద దీవి, ఒంటరి రాజు, కొడుకుల్లేరు. పడవ పంపించాడు. 'సముద్రాన్ని కుట్టినవాడు మనిషి కాడు, ఈ రాజ్యం ఏలుకో' అని కిరీటం నా నెత్తిన పెట్టబోయాడు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నాను? ఆ దీవిలో కతరీనమ్మ లేదు, కతరీనమ్మ సారా లేదు. 'అయ్యా, అంచు పట్టుకున్నవాడు వీడు, వీడు లేకపోతే నా కుట్టు వంకర పోయేది' అని దువార్తెని ముందుకు తోశాను. అదే మరి! వాడి నెత్తిన పెట్టారు కిరీటం. దాని మధ్యలో కోడిగుడ్డంత ముత్యం."

"పోయిన ఆదివారం పావురం గుడ్డంత అన్నావు," అన్నాడు బెర్నాల్ తాత.

"అది నువ్వు ముందు వరసలో కూచోని రోజు. దూరం నుంచి ఏదైనా చిన్నగానే కనిపిస్తుంది. ఇక ఏనుగులా, నూటెనిమిది. వాకిలి ఊడ్చేది ఏనుగు, వీపు రుద్దేది ఏనుగు, పడుకోబోయే ముందు కొవ్వొత్తి ఊది ఆర్పేది ఏనుగు."

పాద్రీగారు చేతులు తుడుచుకుని మెందో వైపు తిరిగారు. ఆయన మాటలో ఎకసెక్కం లేదు, విసుగే ఉంది. "విన్నావుగా మెందో. నాలుగేళ్లుగా ఇదే వింటున్నాను. కోతలే అనుకో. ఆ కోతల్లోనైనా ఒక్కసారి దువార్తె చచ్చిపోయాడా? చూసినవాడు వీడొక్కడు, వీడేమో బతికున్నాడంటాడు. పైవాళ్లు అడిగితే నేనేం రాయను? మొగుడు ఏనుగులతో సుఖంగా ఉన్నాడు, పెళ్లానికి పెళ్లి చేశానని రాయనా?"

"జర్మనీలో పాద్రీలే పెళ్లిళ్లు చేసుకుంటున్నారట. ఇక్కడ మాకు చెయ్యడానికి మాత్రం మీకు చేతులు రావు," అన్నాడు మెందో.

"ఆ మతద్రోహుల మాట ఇక్కడెత్తకు!" పాద్రీగారు గబగబా సిలువ వేసుకున్నారు. మెందో కూడా తను అన్నదానికి తనే భయపడి అటూ ఇటూ చూశాడు.

బస్తియావ్‌కి తన కథ మధ్యలో ఆగితే పడదు.

"మా దువార్తె గొడవ మీకెందుకండీ, వాడికేం లోటు? నేను సెలవు తీసుకుని వచ్చేనాటికే ఎలా బలిశాడనుకున్నారు! పొద్దున లేస్తే పంది మాంసం, మధ్యాహ్నం పంది మాంసం, మధ్యలో తేనె. సింహాసనం రెండుసార్లు వెడల్పు చేయించారు. బుగ్గలు ఇలా! చేతులు చూడాలి మీరు, ఒక్కో వేలు మాంసం కూరిన పేగంత లావు..."

"బస్తియావ్."

మెట్ల చివర నుంచి బ్రియోలాంజ లేచింది. నాలుగేళ్లలో ఆవిడ గొంతు అక్కడ వినపడ్డం అదే మొదటిసారి. మెళ్లో తాడు పైకి లాగింది. తాడుకి ఒక వెండి ఉంగరం ఉంది. దాన్ని విప్పి, జనం మధ్యలోంచి వచ్చి, అతని గ్లాసు పక్కన పెట్టింది.

"రేవులో దిగిన రోజు నువ్వు గుడ్డలో చుట్టి నాకిచ్చావు. రాజుకి వెండి ఎందుకని పంపించాడన్నావు."

"అవును వదినా. వాడికిప్పుడు పదివేళ్లకీ..."

"ఇది ఆయన వేలికి బిగుసుకుపోయి ఉండేది. పెళ్లయిన ఏడాదికే ఊడి రాలేదు. ఒకసారి వేలు వాస్తే నూనె రాశాం, పందికొవ్వు రాశాం, కంసాలి దగ్గర కోయించబోతే ఆయనే వద్దన్నాడు. చూడు, ఎక్కడా కోసిన గుర్తు లేదు. ఆయన బలిశాడంటున్నావు. మరి ఇది ఎలా ఊడింది?"

బస్తియావ్ నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఏదో ఒకటి వస్తుందని అందరం అనుకున్నాం. ఏనుగు తొండంతో లాగిందంటాడో, చేప మింగిందంటాడో. రాలేదు. ఉంగరం వైపు చూస్తూ ఉండిపోయాడు.

"దానంతటదే జారింది వదినా," అన్నాడు చివరికి.

ఆవిడ అతని ఎదురుగా బల్ల మీద కూచుంది. "చెప్పు."

"చిగుళ్ల జబ్బు. ముందు కాళ్ల మీద నల్ల మచ్చలొచ్చాయి, తర్వాత నోరు. పళ్లు వేళ్లతో తీసి పడేసేవాడు. 'ఇక మా ఆవిడ వండింది గట్టిగా ఉందని అననులే' అని నవ్వేవాడు. నేను ఓడరొట్టె నీళ్లలో నానబెట్టి పెట్టేవాణ్ణి. ఆఖర్న అదీ మింగలేకపోయాడు. నీళ్లు పట్టిద్దామని లేపితే మనిషి గుడ్డమూటంత బరువున్నాడు. అప్పుడు జారింది, నా ఒళ్లో పడింది. 'తీసి దాచు, ఓడ పలకల సందుల్లోకి పోతుంది' అన్నాడు. ఇంకేం అన్లేదు. మర్నాడు పొద్దున పోయాడు."

"తుపానులోనా?" అని కింద నుంచి ఎవరో అడిగారు.

"తుపాను లేదు," అన్నాడు బస్తియావ్. "గాలే లేదు. పదిహేడు రోజులు ఓడ ఉన్నచోటే ఉంది. వాణ్ణి నేనే చాపగుడ్డలో పెట్టి కుట్టాను. కాళ్లకి కట్టడానికి ఇనప గుండు అడిగితే కప్తాను ఇవ్వలేదు, ఇసక మూట కట్టాను, అది చాల్లేదు. వాడు మునగలేదు వదినా. సాయంత్రం దాకా ఓడ పక్కనే ఉన్నాడు. చూడలేక అందరూ అటువైపు పోయారు. నేను ఇటే కూచున్నాను."

"ఏ రోజు?"

"పునీత బర్తొలొమయి పండగ రోజు."

పాద్రీగారు తల వంచుకున్నారు. ఆయన పెదవులు కదులుతున్నాయి.

"నాకెందుకు చెప్పలేదు బస్తియావ్?" అందావిడ. గొంతులో కోపం లేదు, అందుకే వినడం కష్టమయింది.

"చెప్దామనే దిగాను. తోవంతా మాటలు కూర్చుకున్నాను. దిగేసరికి నువ్వు కొత్త రవిక తొడుక్కుని ముందు నిలబడ్డావు. 'ఆయన బాగున్నాడా' అన్నావు. బాగున్నాడన్నాను. అక్కణ్ణుంచి ప్రతి ఆదివారం వాణ్ణి ఇంకాస్త బాగుంచడమే తప్ప నాకు వేరే దారి కనిపించలేదు."

బ్రియోలాంజ బల్ల మీది ఉంగరాన్ని వేలితో ఒకసారి తిప్పింది. తర్వాత, "నాకూ తెలుసులే. ఉంగరం మొదటి రోజే చూశాను," అంది. "ఇక్కడ కూచున్నంతసేపూ ఆయన పంది మాంసం తింటున్నాడని వినడం బాగానే ఉండేది. ఇక చాలు."

పాద్రీగారు లేచారు. "బస్తియావ్, రేపు పొద్దున గుడికి రా. ఇప్పుడు చెప్పింది చెప్పినట్టు సిలువ మీద చెయ్యి పెట్టి చెప్పాలి. ఒక్క మాట పెంచావంటే..."

"పెంచను పాద్రీగారూ."

ఆవిడ ఉంగరం తీసుకుని మెట్లు దిగింది. జనం దారిచ్చారు. మెందో టోపీ చేత్తో పట్టుకుని గబగబా వెనకాలే నడిచాడు. పదడుగులు వెళ్లాక ఆవిడ ఆగి వెనక్కి తిరిగింది.

"నువ్వు ఇవాళ రాకు మెందో," అంది. "ఇవాళ నా మొగుడు పోయాడు."