కనురెప్పలు

1983. ఆదోనిలో ఓపీ ముగిసింది. డాక్టర్లు అనుభవంతో ఎలా నేర్చుకుంటారో పరిశోధిస్తున్న లెక్చరరు, ముసలి డాక్టరు ఎదుట నోటుబుక్కు తెరిచింది.

"కడుపునొప్పి అని వచ్చినామెకు ముందు కనురెప్పలు చూసినారే, ఎందుకు సార్?"

"నేలమీద పండుకుంటావా అని కూడా అడిగినా కదమ్మా. కట్లపాము కరిస్తే ఒక్కోసారి గాటు కనపడదు. కడుపు నొస్తాది, రెప్పలు వాలతాయి."

"ఏ పుస్తకంలో చదివినారు?"

"పుస్తకాల్లో ఉండాది. నాకు నేర్పింది మాత్రం ఆస్పరి ఈశ్వరమ్మ."

"నర్సా?"

"కాదు. కడుపునొప్పంటే మందిచ్చి ఇంటికి పంపిస్తి. మాపటికి పానం పోయింది."

"మీ జూనియర్లకు చెప్పినారా?"

"రెప్పలు చూడమని చెప్పినా. ఆమె సంగతి చెప్పలే."

"పేర్లు మార్చే రాస్తాను సార్."

"ఆమె పేరు మార్చమ్మా. నాది మాత్రం ఉన్నదున్నట్టు రాయి."